నాన్న నోట్‌బుక్కు వెనక పేజీలు

మా చిన్నోడికి, అంటే మా తమ్ముడికి, ఐదేళ్లు దాటాక ఒక అలవాటు మొదలైంది. బుద్ధిగా ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి అన్నీ వదిలేసి పరిగెత్తుకొచ్చి అమ్మని వాటేసుకునేవాడు. అమ్మ ఏ పనిలో ఉన్నా సరే, నడుం చుట్టూ రెండు చేతులూ వేసి బిగించేవాడు. "ఏమైందిరా?" అంటే పలికేవాడు కాదు. ఎటో చూస్తూ, నోట్లో ఏమీ లేకపోయినా నములుతున్నట్టు పెదాలు ఆడిస్తూ, చొక్కా గుండీని వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు. కాసేపటికి చేతులు సడలేవి. అమ్మ కాళ్ల దగ్గరే చతికిలబడి నిద్రలోకి జారుకునేవాడు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "వీడు ఒట్టి అమ్మకూచి."

అది ఫిట్స్ అని మాకెవరికీ తట్టలేదు. ఫిట్స్ అంటే మాకు తెలిసింది ఒక్కటే, మనిషి నేల మీద పడి కొట్టుకోవడం, నోట్లోంచి నురగ రావడం. మూర్ఛల్లో బోలెడు రకాలుంటాయని, మెదడులో ఒక మూల మొదలై అక్కడితోనే ఆగిపోయేవి కూడా ఉంటాయని ఎవరు చెప్పారు గనక? కణతల వైపు ఉండే భాగంలో మొదలైతే కొందరికి కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు ఉంటుందట. దాని వెనకే కారణం లేని భయం ముంచుకొస్తుందట. ఫిట్స్ వస్తుందేమోనన్న భయం కాదది. అదే ఫిట్స్. భయం అనే భావాన్ని మెదడు తనంతట తనే పుట్టించి పిల్లాడి మీదికి వదులుతుంది. ఆ రెండు మూడు క్షణాల్లో, స్పృహ మసకబారే లోపల, వాడు చెయ్యగలిగిందల్లా అమ్మ దగ్గరికి పరిగెత్తడమే. దాన్ని మేము గారం అనుకున్నాం.

పెద్ద ఫిట్స్ ఏడో ఏట వచ్చింది, తెల్లవారుజామున. మంచం అదరుతున్న చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. లైటు వేసేసరికి వాడి ఒళ్లంతా కొయ్యబారిపోయి, తర్వాత కొట్టుకోవడం మొదలైంది. నాలుక కొరుక్కుంటాడని నాన్న పళ్ల మధ్య వేలు పెట్టాడు. ఆ గాటు ఆయన చూపుడు వేలి మీద అలాగే ఉండిపోయింది. తర్వాత దానికి కట్టు కట్టిస్తుండగా డాక్టరు చెప్పారు: "నోట్లో ఏమీ పెట్టకూడదండీ. నాలుక మింగెయ్యడం అనేది జరగదు. తల కింద మెత్తటిదేదైనా పెట్టి, పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టండి. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకోటి మొదలైనా వెంటనే ఆసుపత్రికి తీసుకొచ్చెయ్యండి." మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుందట. "ఆ రెండు మూడు నిమిషాలూ నేనేం చెయ్యాలండీ?" అని అడిగింది అమ్మ. "పక్కన కూర్చుని చూస్తూ ఉండాలమ్మా" అన్నారాయన. అమ్మకి అంతకన్నా కష్టమైన పని ఎవరూ అప్పజెప్పి ఉండరు.

నాన్నది ప్రతిదీ రాసిపెట్టుకునే స్వభావం. ఒక పొడుగాటి నోట్‌బుక్కు తీసుకుని స్కేలుతో గళ్లు గీశాడు. తేదీ, టైము, ఎంతసేపు, ముందు ఏం చేస్తున్నాడు, తర్వాత ఎలా ఉన్నాడు. ఫోన్లో వీడియోలు తీసే రోజులు కావవి. ఇప్పుడైతే డాక్టర్లు ముందు "వీడియో ఉందా?" అని అడుగుతున్నారు. అప్పుడు ఆ నోట్‌బుక్కే మాకు వీడియో.

తర్వాత ఈఈజీ, అంటే మెదడులోని కరెంటు కదలికల్ని గీతలుగా చూపించే పరీక్ష, తియ్యాలన్నారు. దానికి ముందు రాత్రి పిల్లాణ్ణి సరిగ్గా నిద్రపోనివ్వకూడదట. నిద్ర చాలని మెదడులో, కునుకు పట్టే వేళ, తేడా గీతలు బయటపడే అవకాశం ఎక్కువని చెప్పారు. అర్ధరాత్రి దాటేదాకా మెలకువగా ఉంచి, తెల్లారకముందే లేపమన్నారు. మధ్యలో పడుకోబెడితే మళ్లీ లేపడం ఎవరి తరం అని నాన్న అసలు నిద్రే వద్దని తేల్చేశాడు. రోజూ తొమ్మిదికల్లా లైట్లు ఆర్పేసే మనిషి, "ఎవరైనా పడుకున్నారో, ఊరుకునేది లేదు" అన్నాడు. నా చిన్నతనంలో అంత సంతోషంగా గడిచిన రాత్రి ఇంకోటి లేదు. ఇల్లంతా చీకటి చేసుకుని నలుగురం దాగుడుమూతలు ఆడాం. అంత పొడుగు మనిషి నాన్న బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయి బయటికి రాలేకపోతే అమ్మ కింద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చిన్నోడు నాన్న చెయ్యి పట్టుకుని లాగుతూ, "అమ్మా, నవ్వింది చాలు, నువ్వూ లాగు" అని అరిచాడు. పెద్ద ఫిట్స్ వచ్చాక అమ్మ అంతలా నవ్వడం అదే మొదలు.

పొద్దున ల్యాబులో వాడి తల మీద కొలిచి కొలిచి గుర్తులు పెట్టి, జిగురు రాసి తీగలు అంటించారు. వాడు ఆ టెక్నీషియన్ని అడిగాడు: "అంకుల్, నేను మనసులో అనుకునేవి ఇందులో కనిపిస్తాయా?" ఆయన నవ్వి, గీతలు తప్ప ఏమీ కనిపించవన్నాడు. వాడు హమ్మయ్య అనుకున్నాడని నాకు వాడి మొహం చూస్తే తెలిసింది. ఏం అనుకుంటున్నాడో మాత్రం చెప్పలేదు. మనిషి తల మీంచి ఆ గీతల్ని మొదటిసారి పట్టుకున్నది 1924లో, జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు. మనసులు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకోవాలన్న తపనతో ఆయన ఆ దారి పట్టాడని తర్వాతెప్పుడో చదివి, మావాడి ప్రశ్న అంత పిచ్చిదేం కాదనుకున్నాను.

రిపోర్టు నార్మల్ అని వచ్చింది. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. డాక్టరు మాత్రం చల్లగా చెప్పారు: "ఇది ఆ అరగంటలో మెదడు ఎలా ఉందో చెప్పింది, అంతే. ఫిట్స్ ఉన్నవాళ్లకి కూడా మొదటిసారి తీసినప్పుడు చాలామందికి నార్మలే వస్తుంది. దీనికన్నా మీ నోట్‌బుక్కే నాకు ఎక్కువ చెప్పింది." పొగడ్తో, పిడుగో తెలియక నాన్న ఆ నోట్‌బుక్కుని ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉండదు. మొదట ఫినోబార్బిటాల్ ఇచ్చారు. 1912 నుంచీ వాడుకలో ఉన్న మందు. ఫిట్స్ తగ్గాయి గానీ పిల్లాడు మారిపోయాడు. కాలు ఒకచోట నిలవదు, ప్రతిదానికీ చిరాకు, వస్తువులు విసిరికొట్టడం. "గారాబం చేసి చెడగొట్టారు" అని చుట్టాలు అనడం, అమ్మ తలొంచుకోవడం. కొందరు పిల్లల్లో ఆ మందే అలా చేస్తుందని మాకు ఎవరూ ముందు చెప్పలేదు. డాక్టరు మారాక కార్బమజెపైన్‌కి మార్చారు, కొత్తది మెల్లగా పెంచుతూ పాతది మెల్లగా తగ్గిస్తూ. కొన్ని వారాలకి మా పాత చిన్నోడు మాకు తిరిగొచ్చాడు, కాస్త మత్తుగా. పిల్లల మూర్ఛ మందుల గురించి ఎవరైనా నన్ను అడిగితే ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మందు మొదలెట్టాక పిల్లల స్వభావంలో తేడా కనిపిస్తే పిల్లల్ని తిట్టకండి, డాక్టరుకి చెప్పండి. అలాగని మందు మీ అంతట మీరు ఆపెయ్యకండి, అది ఇంకా ప్రమాదం.

ఇక అసలు విషయం. ఫిట్స్‌కి పట్టేది నిమిషాలు. నెలకి ఒకటో రెండో, ఒక్కోసారి అదీ లేదు. మా ఇంట్లో రోజంతా నడిచింది కాపలా.

స్నానాల గది గడియ నాన్నే ఊడదీశాడు. తలుపు దగ్గరగా వేసుకోవచ్చు, కానీ లోపల ఉన్నంతసేపూ పాడుతూ ఉండాలి. పాట ఆగితే అమ్మ పరిగెత్తుకొస్తుంది. మొదట్లో వాడికి అది సరదా. కావాలని మధ్యలో ఆపేసేవాడు, అమ్మ అడుగుల చప్పుడు తలుపు దాకా రాగానే మళ్లీ అందుకునేవాడు. పదేళ్లు దాటాక ఆ సరదా పోయింది. పాడటం మానేసి "ఉన్నా, ఉన్నా, ఉన్నా" అని విసుగ్గా అంటూ స్నానం చేసేవాడు. సైకిలు వద్దు. మేడ మెట్లు వద్దు. ఈత మాట ఎత్తొద్దు. ఎక్కడికి వెళ్లినా "అక్కని తీసుకెళ్లు". నా స్నేహితురాళ్లకి తమ్ముళ్లు తోకల్లా ఉండేవాళ్లు, మా ఇంట్లో నేనే తోకని. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ వాడికి వచ్చిన కోపం ముందు నాది ఏపాటిది?

వాడు నిజంగా మోసింది ఇంకోటి ఉంది. అది నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో వాడికి తెలియదు. ముందు ఆ భయం గుర్తుంటుంది, తర్వాత ఖాళీ. కళ్లు తెరిచేసరికి తడిసిన బట్టలు, నాలుక మంట, తలనొప్పి, చుట్టూ మా మొహాలు. వాడు తన జబ్బుని ఎప్పుడూ చూడలేదు. మమ్మల్నే చూశాడు. ఎంత పెద్దది వచ్చిందో అమ్మ కళ్లు ఎంత ఎర్రగా ఉన్నాయో చూసి కొలుచుకునేవాడు. నాన్న పెదాలు బిగించి నోట్‌బుక్కు తీస్తే, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా ముడుచుకుపోయేవాడు. ఆ వెనకే "సారీ" అనేవాడు. తుమ్మినందుకు, దగ్గినందుకు ఎవరైనా సారీ చెప్తారా? మా వాడు ఫిట్స్ వచ్చినందుకు చెప్పేవాడు.

రాత్రిళ్లు వంటింట్లో అమ్మానాన్నల గొంతులు లేచేవి. మీ వైపు ఎవరికి ఉంది, మా వైపు ఎవరికి ఉంది, నిన్న మాత్ర ఎవరు మర్చిపోయారు, ఇవే. ఒకరోజు చీకట్లో పక్క మంచం మీంచి చిన్నోడు అడిగాడు: "అక్కా, ఈ నెల నాకు రాకపోతే వీళ్లు మామూలుగా మాట్లాడుకుంటారా?" అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. అప్పట్నించే చిన్నవి వస్తే దాచడం మొదలెట్టాడు. భయం తన్నుకొస్తుంటే అమ్మ వైపు కాకుండా గోడ వైపు తిరిగేవాడు. నోట్‌బుక్కులో అంకెలు తగ్గాయి. ఇంట్లో అందరం సంతోషించాం.

బళ్లో చెప్పలేదు మేము. "ఎవరైనా అడిగితే నీరసంతో కళ్లు తిరిగాయని చెప్పు" అని అమ్మ నేర్పింది. దాచిన విషయం ఎంతకాలం దాగుతుంది? లెక్కల పీరియడ్‌లో పడ్డాడు. పిల్లలు బెంచీలెక్కి చూశారట, కొందరు ఏడ్చారట. ఆ తర్వాత వాడి పక్కన కూర్చోనివ్వొద్దని ఒకళ్లిద్దరి ఇళ్లలోంచి మాట వచ్చింది. అంటుకునే జబ్బు కాదని టీచరే చెప్పాల్సి వచ్చింది. వెనక బెంచీ కుర్రాడు ఒకడు మాత్రం తనంతట తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడి తర్కం వేరే. "నువ్వు పడ్డావు కాబట్టి టెస్టు పెట్టలేదు, థాంక్స్ రా" అన్నాడట. అప్పట్నించీ ఎప్పుడు వచ్చినా, మావాడు కళ్లు తెరవగానే ఆ కుర్రాడు మిస్సయిన సంగతులు చెప్పడం మొదలుపెట్టేవాడు: "సార్ చాక్‌పీసు విరగ్గొట్టాడు, ఫలానావాడు గోడకుర్చీ వేశాడు, నీకు హోంవర్కు లేదు, నాకుంది." వాడి బ్యాగులో మావాడి కోసం ఒక మడత పెట్టిన నిక్కరు ఉండేదని అమ్మకి ఏడాది తర్వాత తెలిసింది. ఎవరూ చెప్పకుండా పెట్టుకున్నాడు. ఇంట్లో మేము ముగ్గురం కలిసి చెయ్యలేని పని ఆ పిల్లాడు చేశాడు. వాడి మొహంలో మావాడికి ఏమీ కనిపించేది కాదు, ఒక మామూలు మధ్యాహ్నం తప్ప.

ఇప్పుడు నోట్‌బుక్కు దగ్గరికొస్తాను. ఎప్పట్లాగే డాక్టరు దగ్గరికి వెళ్లాం, అప్పటికి చిన్నోడికి పదకొండు. ఆవిడ కొత్తగా వచ్చిన న్యూరాలజిస్టు. నోట్‌బుక్కు తీసుకుని ముందు పేజీలు చూసి, ఎందుకో వెనక నుంచి కూడా తిరగేశారు. అక్కడ అవే గళ్లు, స్కేలుతో గీసినవి, కాకపోతే చిన్నోడి కోడికెలుకుడు రాతలో:

"సాయంత్రం 4:10. అమ్మ. తలుపు కొట్టి ఉన్నావా అంది. ఎంతసేపు: అర నిమిషం. ముందు ఏం చేస్తోంది: బట్టలు మడత. తర్వాత: బాగానే ఉంది."

"రాత్రి. నాన్న. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నేను నిద్ర నటించాను. తర్వాత: నిట్టూర్చాడు."

"ఆదివారం. అమ్మా నాన్నా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. సైకిలు అడిగినందుకు. ఎంతసేపు: చాలా. తర్వాత: అమ్మ ఏడ్చి పడుకుంది."

"అక్క. రోజంతా రాలేదు."

ఇలా పేజీలకి పేజీలు. మాకు వచ్చేవన్నీ వాడు రాసిపెట్టాడు. ఆవిడ మొదట పెద్దగా నవ్వారు. చదువుతూ చదువుతూ నవ్వు ఆపేశారు. నోట్‌బుక్కు మూసి, "మీరంతా కాస్త బయట కూర్చోండి. నేను ఇతనితో మాట్లాడాలి" అన్నారు. ఇతనితో అన్నారు, పిల్లాడితో అనలేదు. అన్నేళ్లలో డాక్టర్లందరూ ప్రశ్నలు అమ్మనీ నాన్ననీ అడిగారు, మందు మాత్రం వాడి చేత మింగించారు.

లోపల ఏం మాట్లాడారో కొంత వాడు తర్వాత చెప్పాడు. ఫిట్స్ అంటే ఏంటో వాడికి అర్థమయ్యేలా చెప్పింది ఆవిడేనట. క్లాసులో ఒక్కొక్కరు మాట్లాడితే పాఠం నడుస్తుంది, ఒక బెంచీ వాళ్లంతా ఒక్కసారే ఒకే కేక పెడితే టీచరు మాట వినపడదు, ఒక్కోసారి ఆ కేక క్లాసంతా అందుకుంటుంది, కాసేపటికి అలిసిపోయి అందరూ ఊరుకుంటారు. "కేక పెట్టింది నేను కాదా?" అని వీడు అడిగాడట. "నువ్వు కాదు. నువ్వు ఆ క్లాసు కిటికీ బయట ఉన్నావు" అన్నారట. దాస్తున్న చిన్న ఫిట్స్ సంగతి ఆవిడతో మొదటిసారి బయటపెట్టాడు. అందుకే డోసు మారింది, అందుకే అవి నిజంగా తగ్గాయి.

మమ్మల్ని పిలిచి ఆవిడ పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. మూడు నాలుగు మాటలు చెప్పారు. సైకిలు హెల్మెట్ పెట్టుకుని, బళ్లు తిరగని చోట తొక్కనివ్వండి. ఈత నేర్పించండి, కానీ నీళ్లలో పిల్లాడి మీద కళ్లుంచే మనిషి, బయటికి లాగగలిగిన మనిషి దగ్గరుండాలి. స్నానాల గదికి గడియ బదులు బయట తగిలించడానికి ఒక అట్టముక్క చాలు, 'లోపల ఉన్నాను' అని. బళ్లో చెప్పండి, అబద్ధాన్ని కాపాడుకోవడం ఈ వయసు పిల్లలకి పెద్ద బరువు. నోట్‌బుక్కు ఇక నుంచి ఇతనే రాస్తాడు.

నాన్నకి ఆ చివరి మాట మింగుడుపడలేదు. రెండు నెలల దాకా దొంగతనంగా ఇంకో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. పాట అడగడం మానేసింది గానీ స్నానాల గది పక్కనే ఏదో ఒక పని పెట్టుకునేది. ఆవిడ జీవితంలో అంత శుభ్రంగా తుడిచిన నడవా ఇంకోటి లేదు. మారామని నేను అనను. భయం అంత తేలిగ్గా పోదు. భయపడుతూనే వాడి ముందు కాస్త తక్కువ భయపడటం నేర్చుకున్నాం, అంతే.

పెద్దయ్యాక నాకు ఈ విషయం మీద చదివే అలవాటు పట్టుకుంది. ఇంగ్లండ్ దగ్గర ఐల్ ఆఫ్ వైట్ అనే చిన్న దీవిలో పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్, ఆయన తోటివాళ్లు పిల్లల్ని పరిశీలించి 1970లో అచ్చేసిన లెక్కలు చూసి ఆగిపోయాను. మెదడులో ఇంకే దెబ్బా లేకుండా మూర్ఛ ఒక్కటే ఉన్న పిల్లల్లో కూడా నూటికి 28 మందికి పైగా మానసికంగా ఇబ్బంది పడుతున్నారు. మామూలు పిల్లల్లో ఆ సంఖ్య నూటికి ఏడు కూడా లేదు. 2003లో బ్రిటన్‌లోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో మూర్ఛ ఉన్న పిల్లల్లో 37 శాతం, మధుమేహం ఉన్న పిల్లల్లో 11 శాతం. మధుమేహం కూడా రోజూ మందుతో, రోజూ జాగ్రత్తతో గడిచే జబ్బే కదా. మరి ఇంత తేడా ఎక్కడిది? కొంత మెదడుదే, ఫిట్స్ పుట్టేదీ మనసు పుట్టేదీ ఒకే చోట. కొంత మందులది. మిగిలింది ఎప్పుడొస్తుందో తెలియని దాని కోసం చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టి కూర్చోవడం వల్ల వచ్చేదని నా నమ్మకం. దీనికి నా దగ్గర లెక్కలు లేవు, ఒక నోట్‌బుక్కు ఉంది.

చిన్నోడికి ఇప్పుడు బట్టతల, కళ్లజోడు. రాత్రి మాత్ర ఇప్పటికీ వేసుకుంటాడు. ఫిట్స్ వచ్చి చాలా ఏళ్లయింది. సరైన మందు సరిగ్గా దొరికితే ప్రపంచంలో నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంటుంది. వాడు ఆ డెబ్బైలో పడ్డాడు, పడని పిల్లలూ ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నల ముందు నా కబుర్లు చిన్నవి.

మొన్నామధ్య నా ఆఫీసులో ఒకావిడ కూతురికి ఫిట్స్ అని తేలింది. పదేళ్ల పిల్ల. ఆవిడ టెన్షన్ చూడలేక తమ్ముడి నంబరు ఇచ్చాను. వాడు ఓపిగ్గా అన్నీ చెప్పాడట. మాత్ర టైము తప్పొద్దు, నిద్ర తగ్గనివ్వొద్దు, ఫిట్స్ వస్తే గడియారం చూడండి, ఇంకో బిడ్డని కనమని అడిగేవాళ్ల మాట వినకండి. చివర్లో ఆవిడ గొంతు తగ్గించి, "పాపకి ఈ జబ్బు పేరు ఇంకా చెప్పలేదు, చెప్పొచ్చా?" అని అడిగింది. "మీ మొహం చూసి మీ పాప ఎప్పుడో ఏదో పేరు పెట్టేసుకుని ఉంటుందండీ. అసలు పేరు దానికన్నా చిన్నదే అయ్యుంటుంది. ఫోన్ ఒకసారి తనకివ్వండి" అన్నాడట మావాడు.

అరగంట మాట్లాడుకున్నారు. ఎక్కువసేపు సైకిలు గురించేనట.